లావు అక్షరం, దాని కడుపులో తెలుపు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా లావు అక్షరాల మీదే, ఎందుకో నాకు తెలుసు, పెళ్లిళ్లు దగ్గరకొచ్చాయి, కొత్త షాపులు తెరుస్తున్నారు, మా బరంపురంలో పెద్ద బజారు నుంచి గిరి రోడ్డు దాకా ఎక్కడ చూసినా ఫ్లెక్సులే. మా ప్రెస్సుకొచ్చే ఒడియా కస్టమర్లు కూడా ముందు అడిగేది ఒకటే, ‘మోటా అక్షర’ కావాలి అని. మోటా అంటే ఎంత మోటా అన్న దగ్గరే గొడవంతా.

ప్రశ్న: మా తాతగారి నాటి బిల్లు పుస్తకం ఒకటి అటక మీద దొరికింది సార్, ఫొటో పంపుతున్నాను. షాపు పేరు ఇంగ్లీషులో లావుగా ఉంది, అక్షరాల కింద పీటల్లాంటివి ఉన్నాయి, ‘ఆర్’ కాలు చివర పైకి మెలి తిరిగింది. కొత్త బోర్డుకీ చీరల డబ్బాకీ అదే కావాలని అడిగితే డీటీపీ అబ్బాయి టైమ్స్ న్యూ రోమన్ పెట్టి బోల్డ్ కొట్టి ఇదేనండి అంటున్నాడు. నాకు మాత్రం కాదనిపిస్తోంది.
- పట్టుచీరల వ్యాపారి, బరంపురం

జవాబు: మీకనిపించిందే రైటు, అది టైమ్స్ కాదు. ఫొటో పెద్దది చేసి చూశాను, ఆ ‘ఆర్’ కాలు ఒక్కటి చూస్తే చాలు, అది క్లారెండన్ జాతి అక్షరం. జాతి అని ఎందుకంటున్నానంటే దానికి కాపీలు లెక్కలేనన్ని. అసలుది 1845లో లండన్‌లో, అచ్చు అక్షరాలు పోతపోసే ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో పుట్టింది, ఫౌండ్రీ ఆయన రాబర్ట్ బెస్లీ, దాని పంచ్‌లు, అంటే పోతకి మూలమైన ఉక్కు అక్షరాలు, చెక్కింది బెంజమిన్ ఫాక్స్. అప్పటికి డిజైన్లకి కొత్తగా చట్టం వచ్చింది కదా అని బెస్లీ దీన్ని రిజిస్టర్ చేయించాడు, కానీ ఆ రక్షణ మూడేళ్లే, మూడేళ్లు నిండగానే మిగతా ఫౌండ్రీలన్నీ ఎగబడి తలా ఒకటి పోతపోసుకున్నాయి. కాబట్టి మీ తాతగారి బిల్లు పుస్తకం అచ్చేసిన ప్రెస్సులో ఉన్నది ఎవరి పోతో ఆ పేపరు చూసి చెప్పలేం, పోలిక మాత్రం అదే.

దాని గొప్ప ఏంటంటే, అంతకు ముందూ లండన్‌లో లావు అక్షరాలున్నాయి, 1800 దాటాక లాటరీ పోస్టర్ల కోసమని భయంకరమైన లావువి వచ్చాయి, నిలువు గీత దూలంలా ఉంటుంది, అడ్డ గీత, కింద పాదం మాత్రం వెంట్రుకంత. గోడ మీద బాగానే ఉంటాయి గానీ పుస్తకంలో మామూలు లైను మధ్యలో పెడితే పెళ్లి పందిట్లోకి ఏనుగొచ్చినట్టు ఉంటుంది. క్లారెండన్ మామూలు అక్షరం పక్కన కూర్చోడానికి తయారైన లావు అక్షరం. డిక్షనరీలో అసలు మాట లావుగా, అర్థం మామూలుగా ఉంటుంది చూడండి, ఆ పద్ధతికి దారి వేసింది ఇదే, అంతవరకూ ఏదైనా మాట ఎత్తి చూపాలంటే వాలు అక్షరాలో పెద్దక్షరాలో వాడేవాళ్లు. ఇవాళ మనం కంప్యూటర్లో ఆలోచించకుండా బీ బటన్ నొక్కేస్తున్నామా, ఆ అలవాటుకి పెద్దన్నయ్య ఇది.

మీ డీటీపీ అబ్బాయికి తేడా చూపించాలంటే పాదాలు చూపించండి. ఇంగ్లీషు అక్షరం గీత చివర ఉండే ఆ చిన్న పీటనే సెరిఫ్ అంటారు. టైమ్స్ బోల్డ్‌లో ఆ పీట బ్లేడులా పల్చగా ఉంటుంది. క్లారెండన్‌లో మందంగా ఉండి, నిలువు గీతని కలిసే మూల దగ్గర చిన్న వంపు ఉంటుంది, మన పాత ఇళ్లల్లో స్తంభం కింద దిమ్మె ఎలా వెడల్పై నేలని పట్టుకుంటుందో అలా. చిన్న ‘ఏ’, ‘సీ’, ‘ఆర్’ అక్షరాల కొసల్లో గుండ్రటి బొట్టు ఉంటుంది. టైమ్స్ కథ వేరు, అది లండన్ టైమ్స్ పేపరు కోసం చేసింది, 1932 అక్టోబర్ 3న ఆ పేపర్లో మొదటిసారి వచ్చింది, స్టాన్లీ మోరిసన్ చెప్పి చేయిస్తే విక్టర్ లార్డెంట్ గీశాడు. సన్నటి కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలని ఒద్దికగా గీసిన అక్షరం అది, దాన్ని తెచ్చి పన్నెండడుగుల బోర్డు మీద నిలబెడితే పాపం అదేం చేస్తుంది.

ఇక డబ్బా సంగతి, నన్నడిగితే బోర్డు కంటే మీకు ఇదే ముఖ్యం. డబ్బా మీద బంగారు ఫాయిల్ కొట్టిస్తారు కదా, ఆ వేడి బ్లాకు కింద వెంట్రుకంత గీతలు తెగిపోతాయి, లేదా ఫాయిల్ అంటుకోక మచ్చలు పడతాయి. క్లారెండన్ గీతల్లో ఏదీ మరీ సన్నం కాదు కాబట్టి ఫాయిల్‌కి చక్కగా లొంగుతుంది. చీర కొసన కుట్టే నేత లేబుల్‌కీ అంతే, దారం మందం కంటే సన్నటి గీత నేతలో రాదు, ఆ మాట నేత పనివాళ్ల మధ్య పుట్టిన మీకు నేను చెప్పేదేముంది. ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ‘బెస్లీ’ అని ఉంది, పైన చెప్పిన ఆయన పేరే, క్లారెండన్ పోలికలోనే చేశారు, మామూలు నుంచి బాగా లావు దాకా వరసలున్నాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఎవరూ అడగరు. డబ్బాకి అన్నిటికంటే లావుది వద్దు, దానికి ఒక మెట్టు కింద ఆపండి.

ప్రశ్న: సెరిఫ్ అనేదాన్ని తెలుగులో ఏమనాలి? మన తలకట్టు సెరిఫేనా? పిల్లలు అడిగితే అవుననేశాను, అప్పట్నించి అనుమానంగా ఉంది.
- తెలుగు టీచర్, పర్లాకిమిడి

జవాబు: కాదు మేడమ్. ఇంగ్లీషు ‘ఐ’కి పైనా కిందా ఉన్న పీటలు చెక్కేసినా అది ‘ఐ’గానే ఉంటుంది. మన ‘క’కి తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’ అయిపోయింది. అంటే తలకట్టు అలంకారం కాదు, పలకడంలో భాగం. పైగా బ, ల, జ, ట, ణ లాంటి వాటికి అసలు తలకట్టే లేదు, పాదాలున్న ఫాంటులో కొన్ని అక్షరాలకి పాదాలుండి కొన్నిటికి లేకపోతే ఊరుకుంటారా?

మరి తెలుగులో ‘సెరిఫ్’ పేరుతో వచ్చే ఫాంట్లు ఏంటంటారేమో, ఉదాహరణకి నోటో సెరిఫ్ తెలుగు అని ఉంది. అందులో చూడాల్సింది పాదాలని కాదు, మందం సన్నం తేడాని. ఒకే అక్షరంలో వంపు తిరిగే చోట గీత లావెక్కి, తిరిగి వచ్చేటప్పుడు సన్నబడుతుంది. తాటాకు మీద గంటంతో గీస్తే గీత మొదలు నుంచి చివరి దాకా ఒకే మందం, వాలు పాళీ ఉన్న కలంతో రాస్తే చేతి తిప్పుడుని బట్టి లావూ సన్నమూ వస్తాయి. నా లెక్కలో కలం వాసన ఉన్న అక్షరం సెరిఫ్‌కి చుట్టం, గంటం వాసన ఉన్నది సెరిఫ్ లేనిదానికి చుట్టం. ఇది నా సొంత లెక్కే, పరీక్షలో పిల్లల చేత రాయించకండి.

ఊరు పర్లాకిమిడి అన్నారు కాబట్టి ఒక మాట. మీ ఊళ్లో పాఠాలు చెప్పి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఒక తెలుగు ఫాంటే ఉంది, ‘గిడుగు’ అని, హెడ్డింగుల కోసం చేసింది, అదీ ఉచితమే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే కదా తెలుగు భాషా దినోత్సవం, ఆ రోజు స్కూల్లో కట్టే బ్యానరుకి దాన్ని వాడండి, పిల్లలకి చెప్పుకోడానికి ఒక కబురు కూడా ఉంటుంది.

ప్రశ్న: మా కాలనీ స్కూలుకి చందాలేసి ఫ్లెక్స్ బోర్డు చేయించాం అన్నా. ‘ప్రాథమిక పాఠశాల’ అని బాగా లావు అక్షరాలతో కొట్టించాం. దగ్గర్నించి బానే ఉంది, రోడ్డు మీద నుంచి చూస్తే ‘పారశాల’ అని చదువుతున్నారు, ఊరంతా నవ్వు. ఇంకా లావు చేయించమంటారా?
- రాయగడ నుంచి ఒక యువకుడు

జవాబు: తమ్ముడూ, దండం పెడతాను, ఇంకా లావు చెయ్యకు. తప్పంతా ఆ లావులోనే ఉంది.

‘ర’ రాసి పక్కనే ‘ఠ’ రాసి చూడు. రెండూ ఒకే గుండ్రం, ‘ఠ’కి కడుపులో ఒక చుక్క, అంతే తేడా. అక్షరం లావు చేస్తే గీత బయటికే కాదు, లోపలికీ పెరుగుతుంది, కడుపులో ఉన్న తెలుపుని తినేస్తుంది. చుక్క కూడా లావెక్కుతుంది. రెండూ ఎదురెదురుగా పెరిగి ఒకదాన్నొకటి ముట్టుకున్నాక దూరం నుంచి చూసేవాడికి చుక్కా లేదు, కడుపూ లేదు, నల్లటి ముద్ద ఉంది, వాడి బుర్ర దాన్ని ‘ర’ అనుకుంటోంది. నీ బోర్డులో ఇంకొకటి కూడా పోయుంటుంది చూసుకో, ‘ప్రాథమిక’లో ‘థ’. ద, ధ, థ మూడూ అన్నదమ్ములు, ‘ధ’కి కింద చిన్న చీలిక గీత, ‘థ’కి ఆ గీతా కడుపులో చుక్కా రెండూ. చుక్క పూడిపోతే ‘ధ’. అతిథి అని రాయమంటే అందరూ అతిధి అని రాస్తున్నారని మాస్టార్లు గోల పెడతారు గానీ సగం పాపం మా లావు అక్షరాలదే, రోడ్డు మీద చూసిందే పిల్లలు నేర్చుకుంటారు.

మనం చదివేది నలుపుని అనుకుంటాం, నిజానికి కన్ను పట్టుకునేది ఆ నలుపు చుట్టూ, లోపలా ఉన్న తెలుపుని. ఇంగ్లీషు లావు సెరిఫ్‌లు గీసినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు నిలువు గీతల్నే లావు చేసి, అడ్డ గీతల్ని కాస్త సన్నంగా ఉంచి, అక్షరాన్నే వెడల్పు చేస్తారు, కడుపు మూసుకోకుండా. ‘ఈ’ చిన్నక్షరంలో ఆ పైగది చూడు, ఎంత లావు ఫాంటులోనైనా అక్కడ కొంచెం వెలుతురు ఉంచుతారు. మన అక్షరాలకి ఆ వీలు తక్కువ, నిలువు గీత అంటూ లేదు, అన్నీ వంపులే, ఒక్కో అక్షరంలో రెండేసి కడుపులు, పైన గుడి, కింద వత్తు. అందుకే ఇంగ్లీషులో ఎంత లావు బాగుందో తెలుగులో అంత లావు పనికిరాదు, ఒకటి రెండు మెట్లు తగ్గాలి.

నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే. కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషన్ మీద పనిచేసే రోజుల్లో ఒక సన్మాన పత్రం వేశాను, బాగా లావు టైపు పెట్టాను, ఇంకు కాస్త ఎక్కువ పట్టించాను, అదీ నాసిరకం కాయితం, ఇంకుని పీల్చి గీతలు పక్కలకి పాకాయి. పెద్దాయన పేరులో ‘విశ్వనాథ’ ఉంది, రెండొందల కాపీల్లోనూ ‘విశ్వనాధ’ అయ్యి కూర్చుంది. ఆయనేమీ అనలేదు, పక్కన ఉన్న సంస్కృతం మాస్టారు అన్నారు, సభ అయ్యేదాకా అంటూనే ఉన్నారు. అప్పట్నించి ఏ అక్షరం ఎంపిక చేసినా ముందు ఠ, థ, ఘ, ష, క్ష్మి ఇవి ఐదూ కొట్టి చూసుకుంటా, ఇవి బతికితే మిగతావన్నీ బతుకుతాయి.

నువ్వు చెయ్యాల్సింది, అదే సైజులో మధ్యరకం మందానికి మార్చి, అక్షరాల మధ్య కాస్త ఎడం ఇచ్చి, ముందు ఏ4 కాయితం మీద చిన్నది తీయించు. గోడకి అంటించి పదడుగులు వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూడు. సైన్‌బోర్డుల వాళ్ల మోటు లెక్క ఒకటుంది, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని, అంటే వందడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. అది ఇంగ్లీషు పెద్దక్షరాల లెక్క, తెలుక్కి కిందా మీదా ఉన్నాయి కాబట్టి ఇంకా పెంచుకో. ఇంకోటి, రాత్రిపూట లోపల లైటు వెలిగే బోర్డు పెట్టే ఆలోచనుంటే, నల్లటి వెనక మీద తెల్లక్షరం వెలుగుతుంటే ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది, అక్కడ ఇంకో మెట్టు తగ్గించాలి.

ప్రశ్న: బీ బటన్ నొక్కితే వచ్చే బోల్డుకీ, విడిగా బోల్డ్ ఫైలు వేసుకుంటే వచ్చేదానికీ తేడా ఏంటండీ? కస్టమరుకి ఏం తెలుస్తుంది?
- డీటీపీ ఆపరేటర్, గుణుపురం

జవాబు: కస్టమరుకి పేరు తెలీదు గానీ ‘ఏదో అలికినట్టుందేటి’ అంటాడు, ఆ అలుకుడే తేడా. విడిగా బోల్డ్ ఉన్న ఫాంటులో ఎవరో ఒకరు కూర్చుని ప్రతి అక్షరాన్నీ మళ్లీ గీశారు. టైమ్స్‌లోనే చూడండి, మామూలు ‘ఓ’లో మందం కొంచెం పక్కకి వాలి ఉంటుంది, బోల్డ్ ‘ఓ’లో నిటారుగా ఉంటుంది, అది పెంచింది కాదు, వేరే బొమ్మ. బోల్డ్ లేని ఫాంటుకి బీ నొక్కితే సాఫ్ట్‌వేరు చేసేది ఒకటే, గీత చుట్టూరా సమానంగా మందం పూస్తుంది, సన్నం ఉన్నచోటా అంతే, లావు ఉన్నచోటా అంతే. సెరిఫ్ అందమంతా ఆ సన్నం లావుల తేడాలోనే ఉంది కదా, అది పోయింది, కడుపులూ పూడిపోయాయి.

మన తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం. గిడుగు, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ అన్నీ ఒక్క మందమే, వాటికి బీ నొక్కొద్దు. లావు కావాలంటే పుట్టుకతో లావుగా ఉన్న రామభద్ర లాంటిది తీసుకోండి, లేదా నోటో సెరిఫ్ తెలుగు తీసుకోండి, అందులో సన్నం నుంచి బాగా లావు దాకా గీసినవే ఉన్నాయి. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో చేసినవి అలాగే ఉండనివ్వండి, అచ్చుకి బానే ఉంటాయి, వాట్సాప్‌లో మాటగా పంపాలన్నప్పుడే యూనికోడ్ గొడవ, అంటే అన్ని ఫోన్లూ గుర్తుపట్టే అక్షరాల కోడు గొడవ. దాని గురించి ఇంకోసారి.

ప్రశ్న: లావుగా, మెత్తగా, ఇడ్లీల్లా ఉండే ఇంగ్లీషు అక్షరాలు టీ కొట్ల దగ్గర, పాత బనీన్ల మీద చూస్తుంటాను. అవి సెరిఫేనా?
- ఇంజినీరింగ్ స్టూడెంట్, కొరాపుట్

జవాబు: ఇడ్లీ అన్నావు చూడు, బావుంది. అది చాలావరకు కూపర్ బ్లాక్ అయ్యుంటుంది, షికాగోలో ఓస్వాల్డ్ కూపర్ అనే ఆయన గీశాడు, 1922లో వచ్చింది. సెరిఫే, కాకపోతే పాదాలని అరగదీసి గుండ్రం చేసేశాడు. పైకి సరదాగా ఉన్నా లోపల పాత పుస్తకాల అక్షరమే, దాని ‘ఓ’ చూడు, లోపలి తెలుపు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది, కలంతో రాసిన కాలం నాటి వాలు అది. విమానాల మీద ఈజీజెట్ అని పెద్దగా రాస్తారే, అదే అక్షరం. అంచులు మొద్దువి కాబట్టి బనీను మీద స్క్రీన్ ప్రింటింగ్‌కి దివ్యంగా ఉంటుంది, ఇంకు కొంచెం అటూ ఇటూ అయినా తెలీదు. నాలుగు మాటల వరకే వాడు. దాంతో ప్రాజెక్ట్ రిపోర్టు టైపు చేసి ఇస్తే మాత్రం సార్లు నిన్నేమన్నా నేను అడ్డురాను.

ప్రశ్న: మాది తెలుగిల్లు, అబ్బాయి వాళ్లు ఒడియా. శుభలేఖ మూడు భాషల్లో, ఒకే పేజీలో కావాలంటున్నారు. ఇంగ్లీషు పేర్లకి లావు సెరిఫ్ పెట్టాను, మిగతా రెండూ దాని పక్కన వెలవెలబోతున్నాయి. అన్నీ 18 పాయింట్లే పెట్టానండీ, అయినా ఎందుకలా?
- కాబోయే పెళ్లికూతురు, ఛత్రపురం

జవాబు: శుభం తల్లీ. పాయింట్లు సమానం పెట్టడమే పొరపాటు. 72 పాయింట్లంటే సుమారు ఒక అంగుళం, కానీ ఆ అంగుళంలో ఎవరి కాపురం వాళ్లది. ఇంగ్లీషు పెద్దక్షరం వచ్చి ఆ జాగాలో చాలావరకు తనే ఆక్రమిస్తుంది. తెలుగు అక్షరం పైన గుడికీ కొమ్ముకీ, కింద వత్తుకీ జాగా వదిలి మధ్యలో ఒదిగి కూర్చుంటుంది. ఒడియా అక్షరానికి నెత్తిన ఆ గొడుగు వంపు ఉందే, సగం ఎత్తు దానికే పోతుంది, అసలు అక్షరాన్ని వేరుచేసి చూపించే భాగం కింద చిన్నగా ఉంటుంది. ఒడియా బాగా లావు చేస్తే గొడుగులన్నీ కలిసి ఒక నల్ల పట్టీ అయిపోతుంది, మీ అత్తగారి వైపు వాళ్లు పేర్లు వెతుక్కోవాలి.

ఇంగ్లీషుని 16కి దించు, తెలుగుని 22 దగ్గర, ఒడియాని 20, 21 దగ్గర పెట్టి చూడు, తర్వాత కంటితో సరిచేసుకో, ఈ అంకెలు ఫాంటుని బట్టి మారతాయి. నోటో కుటుంబంలో ఒడియాకీ సెరిఫ్ ఉంది, తెలుగూ ఒడియా రెండూ అందులోంచే తీసుకుంటే అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. మందం కూడా సమానం చెయ్యకు, ఇంగ్లీషు లావు, తెలుగూ ఒడియా దానికి ఒక మెట్టు తక్కువ, అప్పుడు కంటికి సమానంగా ఉంటాయి. తెలుగు లైన్ల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వు, లేకపోతే పై లైను వత్తు వచ్చి కింద లైను గుడి మీద కూర్చుంటుంది. లావు అక్షరం పేర్లకీ తేదీకీ చాలు, ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు’ అని పెద్దవాళ్లు రాయించే ఆ పొడుగు పేరా మామూలు మందంలోనే ఉంచు. అది ఎలాగూ ఎవరూ చదవరు, కానీ లావుగా ఉంటే కార్డంతా అదే కనిపిస్తుంది.

ప్రూఫు రాగానే పెద్దవాళ్లెవరైనా కళ్లజోడు తీసి చదివేలా చూడు. ముహూర్తం అంకెలు ముఖ్యంగా చూపించు, లావు ఇంగ్లీషు అంకెల్లో 3కీ 8కీ కడుపు మూసుకుంటే రెండూ ఒకటే.